రోజుకో వేళకి మొరాయించిన కంప్యూటర్

గుంటూరులో ఒక సర్వీసు సెంటర్లో ముప్పై ఏళ్ళు కంప్యూటర్లు బాగుచేసి రిటైరయ్యాను. బాగుచేశాను అనేది కాస్త పెద్ద మాట. వాటిలో సగం ఆపి మళ్ళీ ఆన్ చేస్తే బాగయ్యాయి. పావు వంతు నేను బస్సు దిగేసరికే బాగైపోయి ఉన్నాయి. మిగిలిన పావు గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో పెద్ద కేసు ఒకటి చెప్పండి" అంటుంటారు. నేనేదో పెద్ద బ్యాంకులో పెద్ద వైరస్‌ని పట్టుకున్న కథ చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తుండిపోయింది మాత్రం వినుకొండ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను కాగితం మీద రాసిన రెండు పదాలు. ఆ రెండు పదాలు ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాయి. అది కూడా చెప్పాలి కాబట్టే ఇది రాస్తున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మిర్చి కోతలయ్యాక రేటు బాగా వచ్చేదాకా రైతులు సరుకుని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటారని మీకు తెలుసు. ఆ సీజన్లో అక్కడి ఆఫీసు పొద్దున ఏడింటికే తెరుస్తారు. గేటు బయట లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆఫీసు గదిలో ఒకే ఒక్క కంప్యూటర్. అది రెండు పనులు చేసేది. పైకి కనపడే పని, వచ్చిన ప్రతి సరుకుకీ రసీదు కొట్టడం. కనపడని పని, ఏ ఛాంబర్లో ఎంత చలి ఉందో నిమిషానికోసారి రాసుకోవడం. ఈ రెండో పని చేసే చిన్న ప్రోగ్రాం తెర వెనక నడుస్తూ ఉంటుంది. అలాంటిది ఒకటుందని ఆఫీసులో ఎవరికీ గుర్తు కూడా లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

ఆ గదిలో ఉండేది ఇద్దరు. ఒకరు గుమస్తాగారు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, నుదుట నిలువు బొట్టు. ముహూర్తం చూడకుండా పెన్సిల్ కూడా చెక్కరు. ఆయనకి అక్కడ ఒక పెద్ద చిక్కు ఉండేది. మిర్చి గోడౌన్‌లో పొద్దుగూకులూ ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు. తుమ్మినప్పుడల్లా ఆగితే సాయంత్రానికి ఒక్క లారీ కదలదు. బాగా ఆలోచించి, మిర్చి ఘాటుకి వచ్చిన తుమ్ము లెక్కలోకి రాదని ఆయనే ఒక తీర్మానం చేసుకున్నారు. జలుబు తుమ్మైతే మాత్రం ఆగాల్సిందే. తుమ్మినవాణ్ణి పిలిచి, "నీకు జలుబు చేసిందా, ఘాటా?" అని అడిగి మరీ ముందుకు వెళ్ళేవారు.

అంతే నిజాయితీపరుడు. కంప్యూటర్‌కి దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు ఇంటి దగ్గర్నుంచి పొట్లం కట్టుకుని తెచ్చేవారు. చుట్టూ కొండల్లా మిర్చి బస్తాలున్నా అవి రైతులవి కాబట్టి ఒక్క కాయ ముట్టేవారు కాదు.

రెండో మనిషి ఆపరేటర్. ముప్పై ఏళ్ళుంటాయి ఆమెకి. చర్చి స్కూల్లో చదివి, ఆ తర్వాత బీకాం చేసిన మనిషి. వాళ్ళమ్మ ఇప్పటికీ మిరపకోతలకి కూలికి వెళుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు ఆ తల్లి కోత మానుకుని వచ్చి, కిటికీలోంచి కూతురు కుర్చీలో కూర్చున్నది చూసి వెళ్ళిందట. వాళ్ళ కుటుంబంలో నీడపట్టున కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషి ఆమే. ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే ఆ రెండు పదాలు రాసేవాణ్ణి కాదని చెప్పుకోవడం బాగుంటుంది కానీ, రాసేవాణ్ణేమో.

మొదటి ఫోన్ ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. ఓనరుగారే చేశాడు.

"ఏమయ్యా, మీ కంప్యూటర్ నడుస్తోందా, నిద్రపోతోందా? ఒక్క రసీదు రావడానికి పది నిమిషాలు పడుతోంది. బయట లారీలవాళ్ళు నన్ను తిడుతున్నారు."

బస్సెక్కి వెళ్ళేసరికి సాయంత్రం ఐదున్నర. కంప్యూటర్ బంగారంలా పనిచేస్తోంది. రసీదు ఇలా అడిగితే అలా వస్తోంది. "ఇందాక నిజంగానే ఆగిపోయింది సార్, మూడింటికి మొదలై నాలుగున్నర దాకా" అంది ఆమె. "ఇప్పుడు బాగానే ఉందిగా" అన్నాను. ఈ మాట మా వృత్తిలో మొట్టమొదట నేర్చుకునే మాట, చిట్టచివరిదాకా పనికొచ్చే మాట.

మూత విప్పి చూశాను. లోపల ఎర్రగా మిర్చి దుమ్ము. వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాను. గుమస్తాగారు దూరంనించి, "అది ఘాటే, మీరు కానివ్వండి" అన్నారు. ఫ్యాను రెక్కల మీద బూడిద కూడా కనపడింది. ఏమిటా అని చూస్తే అగరుబత్తి బూడిద. గుమస్తాగారు రోజూ కంప్యూటర్‌కి పూజ చేస్తారు. ముందు అగరుబత్తి, మరో గంటన్నరకి హారతి. పూజ చేసేటప్పుడు ఆమెని, "నువ్వు రెండు నిమిషాలు అలా వెళ్ళి రామ్మా, నీకిది అలవాటు లేదుగా" అని మర్యాదగా బయటికి పంపుతారు. ఆమె కూడా పెద్దాయన భక్తికి అడ్డం ఎందుకని లేచి వెళుతుంది.

ఫ్యానులో బూడిద పడుతోంది, పూజ కాస్త పక్కన చేసుకోండి అని చెప్పాలి నేను. నోటిదాకా వచ్చింది. కానీ నేనూ చర్చికి వెళ్ళేవాణ్ణే, నా పేరు వింటేనే తెలిసిపోతుంది. వీడెవడో వచ్చి మా పూజ ఆపమంటున్నాడు అనుకుంటారేమోనని నీళ్ళు నమిలాను. అప్పుడే మా మేనేజరు ఫోన్ చేశాడు. ఆయనకి కంప్యూటర్ల కంటే పని అయిందని రాసి మూసిన కాల్స్ ముఖ్యం.

"దొరికిందా?"

"లేదండి, ఇప్పుడు బాగానే ఉంది."

"అయితే ఏదో ఒకటి రాసి మూసెయ్, ఇంకా రెండు కాల్స్ ఉన్నాయి."

మా సర్వీసు రిపోర్టులో కారణం అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలితే మేనేజరు ఊరుకోడు. అందులో "ఆపరేటర్ తప్పు" అని రాశాను. యంత్రం తప్పంటే మా కంపెనీకి నొప్పి, పూజ తప్పంటే ఓనరుకి నొప్పి. ఆపరేటర్ తప్పంటే ఆ గదిలో నోరెత్తేవాళ్ళు ఎవరూ లేరు.

"నేనేం తప్పు చేశాను సార్?" అని అడిగింది ఆమె.

ఏదో ఒకటి చెప్పాలి కదా. "బటన్లు మరీ గబగబా నొక్కుతున్నారమ్మా, దానికి ఊపిరాడటం లేదు" అన్నాను. పాతికేళ్ళ అనుభవంతో చెప్పిన మాట అది.

తర్వాతి వారం గురువారం మళ్ళీ ఫోన్. ఒంటిగంటన్నర నించి కదలడం లేదట. నేను వెళ్ళేసరికి నాలుగు. మళ్ళీ బంగారం. ఈసారి మెమరీ మార్చాను. గబగబా బటన్లు అని అబద్ధం ఆడాను కాబట్టి దానికి కట్టుబడి కొత్త కీబోర్డు కూడా వేశాను. కారణం గడిలో మళ్ళీ అవే రెండు పదాలు. అప్పట్నించీ ఆమె ఒక్కో అక్షరం ఒకే వేలితో మెల్లగా నొక్కుతోందట, నేను చెప్పినందుకు. అయినా ఆగిపోతోంది. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది, నేనే ఆమె మొహం చూడలేకపోయాను.

అప్పటికి గోడౌన్ అంతా ఒకటే మాట. ఆమె కూర్చుంటేనే కంప్యూటర్ ఆగిపోతోందని. నెట్ పెట్టుకుని సినిమాలు చూస్తోందని ఒకడు. ఆ కంప్యూటర్‌కి నెట్టే లేదు, అలా చూస్తారనే ఓనరుగారు పెట్టించలేదు. ఫోన్లు కూడా పనివేళల్లో గేటు దగ్గర పెట్టి రావాలి. అయినా పుకారుకి నెట్‌తో పనేముంది. ఓనరుగారు నన్ను పక్కకి పిలిచి, "నువ్వు రెండుసార్లు కాగితం మీద రాసిచ్చావు. ఇంక నేను చూస్తూ కూర్చోలేను" అన్నాడు.

"వచ్చే బుధవారం పొద్దున్నే వచ్చి రోజంతా కూర్చుంటానండి, అప్పటిదాకా ఆగండి" అని బతిమాలుకున్నాను.

బుధవారం తొమ్మిదింటికల్లా వెళ్ళి ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. ఆమెని ఆ రోజుకి రంగు పోయిన తాలుకాయలు ఏరే షెడ్డులో లెక్క రాయడానికి పంపారు. రసీదులు నేనే కొట్టాను. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా గుమస్తాగారు అగరుబత్తి వెలిగించుకుని వచ్చారు.

"రెండు నిమిషాలు అలా వెళ్ళి రండి, పూజ చేసుకుంటాను."

నేను ఆ రోజు మహా ఉదారంగా ఉన్నాను. "అయ్యో, నాకేం అభ్యంతరం లేదండి. నేనుండగానే చేసుకోండి" అన్నాను.

ఆయన అగరుబత్తి తిప్పారు. నిలబడ్డారు. మళ్ళీ తిప్పారు. బయటికి వెళ్ళి తిరిగి వచ్చారు. "టీ తాగుతారా, క్యాంటీన్లో బాగుంటుంది" అన్నారు. "ఇప్పుడే తాగానండి" అన్నాను. మూడో అగరుబత్తి కూడా అయిపోయాక చెమటలు తుడుచుకుంటూ వెళ్ళి, గేటు దగ్గర లారీలవాళ్ళందరినీ భోజనాలకి పంపేశారు. ఒకటిన్నర దాకా ఒక్క సరుకూ లోపలికి రాలేదు. ఆయన పరధ్యానం చూసి పెద్దాయనకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. కంప్యూటర్ మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

సాయంత్రం ఓనరుగారు వచ్చి తేల్చేశాడు. "చూశావుగా. ఆమె లేదు, కంప్యూటర్ ఆగలేదు. ఇంకో అమ్మాయిని మాట్లాడాను. శనివారం పదిన్నరకి వచ్చి కూర్చుంటుంది. ఆ వేళ బాగుందని గుమస్తాగారు పెట్టారు. నేను పదింటికి గుంటూరు వెళ్ళిపోతాను, ఈమె లెక్క ఆలోగా తేల్చి పంపేస్తాను."

నిజం కనుక్కోవడానికి వెళ్ళి, ఆమె మీద పడ్డ నిందకి సాక్ష్యం తయారుచేసి పెట్టాను. తలెత్తలేక క్యాంటీన్‌కి వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, ఒక నోటు పుస్తకం నా ముందు పెట్టింది.

"సార్, పోయేముందు ఇదొక్కటి చూడండి. నెల రోజులుగా ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు తేరుకుందో రాశాను. రోజుకో వేళకి ఆగుతోంది. కానీ ఏ మంగళవారం చూసినా మూడింటికే. ఏ గురువారం చూసినా ఒకటిన్నరకే. నా చేతి మహిమైతే వారాలు ఎందుకు చూస్తుంది సార్?"

నేను చేయాల్సిన పని ఆమె చేసింది. నిటారుగా గీతలు గీసి, అందమైన చేతిరాతతో. సోమవారం ఏడున్నర, మంగళవారం మూడు, బుధవారం పన్నెండు, గురువారం ఒకటిన్నర, శుక్రవారం పదిన్నర, శనివారం తొమ్మిది. ప్రతిసారీ గంటన్నర. ఇద్దరం తలలు వంచి ఆ పట్టీని పరీక్ష కాగితంలా చూశాం. కరెంటు కోతలేమో అన్నాను. కాదంది. చలి మిషన్లు మార్చి వేసే వేళలేమో అన్నాను. అవి రోజూ ఒకే వేళకంది. పక్క లైను మీద వెళ్ళే గూడ్సు రైలు అదురుకేమో అన్నాను. ఆమె మర్యాదస్తురాలు కాబట్టి ఏమీ అనలేదు.

టీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చిన క్యాంటీన్ ఆవిడ మా మధ్యలోంచి వంగి చూసింది.

"ఇదేందమ్మాయ్, రాహుకాలాల చీటీ ముందేసుకు కూర్చున్నారు? ఎవరింట్లో శుభకార్యం?"

"రాహుకాలాల చీటీనా?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"చిన్నపిల్లనడిగినా చెబుద్ది. సోమవారం ఏడున్నర, శనివారం తొమ్మిది, శుక్రవారం పదిన్నర. ఆదివారం ఒక్కటి రాయలేదు మీరు, నాలుగున్నర" అని గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం ఆఫీసుకి సెలవు. అందుకే రాయలేదు. చర్చికి వెళ్ళేవాళ్ళం ఇద్దరం ఒక నెల సమాచారం ముందు పెట్టుకుని గూడ్సు రైళ్ళ దాకా వెళ్ళాం కానీ, గోడకి వేలాడే ఏ క్యాలెండర్లో చూసినా తేదీ కింద ఉండే ముక్క మాకు తట్టలేదు. పాతికేళ్ళ అనుభవం అని ఇందాక అన్నాను చూశారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాహుకాలం చూసి ఆగే కంప్యూటర్ ఉండదు. రాహుకాలం చూసే మనిషే ఎవరో దాన్ని ఆపుతున్నారు. అలాంటి మనిషి ఆ గదిలో ఒక్కరే ఉన్నారు. కానీ ఆయన ఎందుకు ఆపుతారు? ఏం చేసి ఆపుతారు? అగరుబత్తితో ప్రాసెసర్ ఆగినట్టు నేనెక్కడా చదవలేదు.

శనివారం సెలవు పెట్టి, సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. మా మేనేజరు దృష్టిలో ఆ కాల్ ఎప్పుడో మూసేశాం. తొమ్మిదికి పది నిమిషాలుందనగా నేనూ, ఆమే ఆఫీసు పక్కన పాత రికార్డుల గదిలో నక్కి కూర్చున్నాం. మధ్యలో ఒక చిన్న కిటికీ. యాభై దాటిన మనిషిని, బీరువా వెనక ముక్కు మూసుకుని తుమ్ము ఆపుకుంటున్నాను. మా ఆవిడ చూస్తే ఏమనేదో.

గుమస్తాగారు వచ్చారు. చెప్పులు విడిచారు. కంప్యూటర్ మీద మందారం పెట్టి, అగరుబత్తి తిప్పి, కళ్ళు మూసుకుని దండం పెట్టారు. కళ్ళు తెరిచి, కుర్చీలో కూర్చుని, మౌస్ అందుకుని, ఒక వేలితో ఏదో మూడు నాలుగుసార్లు నొక్కారు. మళ్ళీ దండం పెట్టి లేచారు. నేను బీరువా వెనకనించి ఆఫీసు గదిలోకి వచ్చి తెర చూశాను. గోడ గడియారం తొమ్మిది. కంప్యూటర్ గడియారం ఏడున్నర.

టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ మొత్తం ఒక్క ప్రోగ్రామే తినేస్తోంది. అది ఛాంబర్ల చలి రాసుకునే ప్రోగ్రాం. దాన్ని రాసిన మహానుభావుడు ఎవరో కానీ, ఒక్కో అంకె రాశాక నిమిషం సేపు పడుకుని లేచి, తర్వాతి నిమిషం వచ్చిందా అని గడియారాన్ని అడుగుతూ ఉండమని దానికి చెప్పాడు. రాకపోతే మళ్ళీ కాసేపు పడుకోమని చెప్పడం మరిచాడు. మామూలుగా లేచేసరికి నిమిషం వచ్చే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పితే మాత్రం, దానికి కావలసిన నిమిషం గంటన్నర దాకా రాదు. అందాకా, బస్సులో పిల్లవాడు ఊరొచ్చిందా ఊరొచ్చిందా అని ప్రాణం తీసినట్టు, అది గడియారం ప్రాణం తీస్తుంది. ఇంక రసీదు కొట్టే ఓపిక కంప్యూటర్‌కి ఎక్కడిది? హారతి వేళకి గుమస్తాగారు గడియారాన్ని సరిచేయగానే అది చల్లబడుతుంది. నేను బస్సు దిగేసరికి బంగారమైపోతుంది.

"గుమస్తాగారూ, టైం ఎందుకు మార్చారు?" అని అడిగాను.

ఆయన దాచలేదు. "కొత్త రసీదుల మీద టైం కూడా పడుతోంది కదండీ. నిరుడు ఒక రైతు సరుకు రంగు మారింది. ఈ సీజను మొదట్లో రసీదు పట్టుకొచ్చి, రాహుకాలంలో దించారు కాబట్టే ఇలా అయిందని గేటు దగ్గర గొడవ చేశాడు. ఆ రసీదు కొట్టించింది నేను. అప్పట్నించీ ఆ వేళ ఎవరి రసీదు మీదా పడనివ్వడం లేదు."

"వెనక్కే ఎందుకు? ముందుకి తిప్పొచ్చుగా?" ముందుకి తిప్పితే ఈ గొడవే ఉండేది కాదు, అందుకని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఇంకా రాని టైం వేస్తే అబద్ధం అవుతుంది కదండీ. అయిపోయిన టైం వేస్తే, పోనీలే, కాస్త ఆలస్యంగా రాశాం అనుకోవచ్చు."

"మరి ఆ వేళకే కంప్యూటర్ ఆగిపోవడం మీరు గమనించలేదా?"

"ఎందుకు గమనించలేదూ? రాహువు ఎంత చెడ్డవాడో చూడండి, టైం మార్చినా వదలడం లేదు అనుకున్నాను. అందుకే పూజ కూడా పెంచాను."

ఆయన తప్పించుకుందామనుకున్న గంటన్నరలో నిజంగానే ఒక్క పనీ జరగకుండా చేసింది ఆయనే. తెర మీద ఆ ప్రోగ్రాం చూపించి, మెల్లగా విడమరిచి చెప్పాను. ఆయన చాలాసేపు చూశారు.

"అయితే రాహువు కాదా?"

"కాదండి. మీరే."

కుర్చీలో కూలబడ్డారు. ఆమె వైపు చూడలేకపోయారు. నెల రోజులుగా ఆమెకి కూడా ఇంటి మిరపకాయలతో దిష్టి తీశారు పాపం, రాహువు పీడ పోవాలని. ఆమె నవ్వుకుంటూ తీయించుకుంది. "నీ ఉద్యోగానికి నేనే శనిలా పట్టానా అమ్మాయ్" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. ఆయన తెలియక చేశారు. నేను తెలియదని తెలిసీ సంతకం పెట్టాను.

"ఓనరుగారికి నేనే చెబుతాను" అన్నారు కాసేపటికి. గోడ గడియారం తొమ్మిది నలభై. ఆయన చూపు దాని మీదే ఆగింది. "పదిన్నర దాటగానే వెళ్ళి చెబుతాను."

అప్పుడు ఆమె మాట్లాడింది. "పదింటికి ఆయన వెళ్ళిపోతారు గుమస్తాగారూ. పదిన్నరకి కొత్తామె వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటుంది. ఆ ముహూర్తం మీరే పెట్టారు."

అరవై ఏళ్ళుగా ఆ గంటన్నరలో గడప దాటి ఏ మంచి పనికీ వెళ్ళని మనిషి. లేచి నిలబడ్డారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. ఎవరో బయట తుమ్మారు. ఈసారి జలుబా ఘాటా అని ఆయన అడగలేదు.

"అమ్మాయ్, మీకివన్నీ పట్టవుగా?" అన్నారు.

"మాకు లేవండి" అంది.

"అయితే నువ్వు ముందు నడువు. ఆయన్ని కూడా రమ్మను. మీ ఇద్దరి వెనకే వస్తాను."

అలా ఆమె ముందు, మధ్యలో నేను, నా చొక్కా వెనక దాదాపు పట్టుకున్నంత దగ్గరగా గుమస్తాగారు, ఆవరణ దాటి ఓనరుగారి గదికి ఊరేగింపుగా వెళ్ళాం. బస్తాలు మోసే హమాలీలు దించకుండా నిలబడి మరీ చూశారు.

ఓనరుగారు కారు తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. గుమస్తాగారు నా వెనకనించి బయటికి వచ్చి, చేతులు కట్టుకుని, మొదట్నించీ చెప్పారు. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. చివర్న, "ఆ అమ్మాయిని తీసేయాలంటే ముందు నన్ను తీసేయండి" అన్నారు. ఓనరుగారు కాసేపు నోరెళ్ళబెట్టుకుని చూసి, తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వి నవ్వి, కొత్తామెకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు.

"మరి రసీదు మీద టైం సంగతేంటి? రైతు గొడవ చేస్తే?" అన్నాడు.

"కంప్యూటర్లో ఆ గడి తీయించేయండి సార్" అంది ఆమె. "టైం గుమస్తాగారే పెన్నుతో వేస్తారు. ఆయనకి ఏ వేళ మంచిదో ఆ వేళ. కంప్యూటర్ జోలికి మాత్రం రారు."

గుమస్తాగారి మొహం వెలిగిపోయింది. ఆ గడి తీయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. పాతికేళ్ళ అనుభవం చేయలేని పని ఆమె కూర్చున్న చోటినించే చేసింది.

అంతా అయిపోయిందని చేతులు దులుపుకుని లేవబోతుంటే ఓనరుగారు అడిగాడు. "అన్నీ సరే, ఆపరేటర్ తప్పని ఎవరు రాశారు మరి?"

అందరూ నా వైపు చూశారు. సంచిలోంచి రిపోర్టు పుస్తకం తీశాను. పాత రెండు కాగితాల మీదా ఆ రెండు పదాలు కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. కొత్త కాగితం తీసి కారణం గడిలో, "చూడకుండా రాసిన మెకానిక్ తప్పు. ఆపరేటర్ తప్పు లేదు" అని రాశాను. మేనేజరు దీన్ని చదివి ఏమంటాడో తెలుసు, అన్నాడు కూడా. "క్షమించమ్మా" అని కాగితం ఆమెకిచ్చాను.

ఆమె నిలబడి మెల్లగా చదివి, కాగితం నాకే తిరిగిచ్చింది.

"ఆపరేటర్ అంటే ఎవరు సార్? రేపు ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చుంటే వాళ్ళనుకుంటారు. నా పేరు రాయండి."

పెన్ను పట్టుకుని ఆగిపోయాను. అక్కడికి నాలుగుసార్లు వెళ్ళాను. ఆమె చేతి వేళ్ళ గురించి అబద్ధం చెప్పాను, ఆమె కుర్చీలో ఒక రోజంతా కూర్చున్నాను, ఆమె ఉద్యోగం పోయే మాట రెండుసార్లు రాశాను. ఆమె పేరు నాకు తెలియదు.

"చెప్పమ్మా" అన్నాను.

ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఒక్కో అక్షరం నేను రాసేదాకా ఆగి, చెప్పింది.